మానవ హక్కులపై పరిశోధన — కూడుపెట్టేదెవరు?

కూటి కోసం కోటి విద్యలు అన్నారు పెద్దలు. కాని ఒక్క విద్య విషయంలో మాత్రం ఈ సామెత తిరగబడుతుంది. ఆ విద్య కోసమే నాలుగైదేళ్లు కూటిని వెతుక్కోవాలి. అదే డాక్టరేట్. ఎం.ఏ.నో, ఎల్.ఎల్.ఎం.నో మంచి మార్కులతో పూర్తి చేసి, బుర్రలో ఒక పనికొచ్చే ప్రశ్న ఉన్న విద్యార్థిని "పిహెచ్.డి. చేయరాదూ?" అని అడిగి చూడండి. "చేయాలనే ఉంది సార్, అన్నాళ్లు ఇంట్లో ఏమని చెప్పను?" అంటాడు. అమ్మాయి అయితే ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంకో రెండు ఎక్కువ.

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠ కాలం 6 సంవత్సరాలు. తిరిగి రిజిస్టరు చేసుకుంటే మరో 2 సంవత్సరాలు ఇవ్వవచ్చు. స్త్రీలకూ, 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవారికీ ఇంకో 2 సంవత్సరాల సడలింపు ఉంది. బాగానే ఉంది. అయితే ఈ నిబంధనలు గడువు ఇస్తాయిగాని జీతం ఇవ్వవు. మరి జీతం ఎక్కడనుంచి వస్తుంది? మానవ హక్కుల వంటి రంగంలో పనిచేయదలచుకున్నవారికి ఉన్న దారులేమిటి? ఆ దారుల్లో ముళ్లెక్కడున్నాయి? ఇవే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతులు.

ఒక ఉపకార వేతనం కథ

వివరాల్లోకి వెళ్లేముందు చరిత్రలో అందరికీ తెలిసిన ఒక స్కాలర్‌షిప్‌ను తలుచుకుందాం. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్ల గడువు. అందుకు బదులుగా తిరిగి వచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలని ఒప్పందం. 1916లో ఆయన లండన్ చేరి అక్కడ ఆర్థికశాస్త్ర పరిశోధన మొదలుపెట్టారు. 1917లో వేతనం గడువు తీరిపోయింది. థీసిస్ సగంలో వదిలి స్వదేశం రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగమైతే ఇచ్చారుగాని, అంటరానివాడన్న కారణాన ఆ ఊళ్లో ఆయనకు తలదాచుకునే చోటు దొరకలేదు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నారు. కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం చేశారు. నవల్ భతేనా అనే మిత్రుడు అప్పిచ్చాడు. అలా 1920లో మళ్లీ లండన్ వెళ్లి, 1923లో డి.ఎస్‌సి. పట్టా పొందారు.

ఆయన అంతటివారికే మూడేళ్లు చదువు ఆగింది. తెలివి తగ్గి ఆగలేదు, డబ్బు ఆగి ఆగింది. ఈ కథలో మనకు కావలసిన పాఠం ఒకటుంది. ప్రతి ఫెలోషిప్ వెనుకా మూడు షరతులు ఉంటాయి. ఎవరికి ఇస్తారు? ఏ పనికి ఇస్తారు? ఎన్నాళ్లు ఇస్తారు? మనవాళ్లు సాధారణంగా "నెలకు ఎంత?" అన్న నాలుగో ప్రశ్న ముందు అడుగుతారు. అది ఆఖర్న అడగవలసిన ప్రశ్న.

ముందు ప్రశ్న, తర్వాత శాఖ, ఆ తర్వాత డబ్బు

మానవ హక్కులు అన్నది ఒక్క శాఖకు చెందిన సబ్జెక్టు కాదు. లక్నోలోని బాబాసాహెబ్ భీమ్‌రావ్ అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. కాని చాలాచోట్ల ఈ అంశంపై పరిశోధన న్యాయశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం, చరిత్ర విభాగాల్లోనే జరుగుతుంది. హైదరాబాదులో నల్సార్, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల లా కాలేజీలు ఇందుకు పనికొచ్చే చోట్లు. కాబట్టి ఫలానా పేరుతో డిపార్టుమెంటు లేదని నిరాశ పడనక్కర్లేదు. గైడు ఉన్నారా లేదా అన్నదే ముఖ్యం.

ఇక ప్రశ్న సంగతి. "భారతదేశంలో మానవ హక్కులు — ఒక పరిశీలన" అని సినాప్సిస్ రాస్తే ఎవరూ డబ్బివ్వరు. అది ప్రశ్న కాదు, పుస్తకాల బీరువా మీద అంటించే చీటీ. దానికి బదులు ఒక ఉదాహరణ చూడండి. 1991 ఆగస్టులో గుంటూరు జిల్లా చుండూరులో దళితులను ఊచకోత కోశారు. ఆ కేసు విచారణకు ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్లోనే పెట్టారు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. "ఘటనకూ తీర్పుకూ మధ్య గడిచిన పదహారేళ్లలో సాక్షులకు ఏ రక్షణ దొరికింది? న్యాయస్థానం ఊళ్లోకి రావడం వల్ల సాక్ష్యంలో ఏం మార్పు వచ్చింది?" అని అడిగితే అది పరిశోధన ప్రశ్న. దానికి ఊరుంది, కాలముంది, కాగితాలున్నాయి, మాట్లాడవలసిన మనుషులున్నారు.

తెలుగునాట ఇలాంటి ప్రశ్నలకు కొదవ లేదు. ఈ రంగంలో మనదగ్గర జరిగిన పని చాలావరకు విశ్వవిద్యాలయాల బయటే జరిగింది. గణితంలో డాక్టరేట్ చేసి కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన కె. బాలగోపాల్, న్యాయవాది కె.జి. కన్నబిరాన్, వారితో తిరిగిన కార్యకర్తలు రాసిన నిజనిర్ధారణ నివేదికలు, కోర్టు వాదనలు పరిశోధకుడికి దొరికే గొప్ప ముడిసరుకు. ఎన్‌కౌంటర్ మరణాలపై 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు, అదే విషయంపై 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు — ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినా ఒక థీసిస్‌కు సరిపడా పని ఉంది.

ఇంట గెలిచే దారులు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గనుక స్వదేశంలో ఉన్నవి ముందు చూద్దాం.

మొదటిది జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జె.ఆర్.ఎఫ్. ఏడాదికి రెండుసార్లు జరిగే నెట్ పరీక్ష ద్వారా ఇస్తారు. పి.జి.లో 55 శాతం మార్కులు కావాలి. రిజర్వుడు వర్గాలకు 50 శాతం చాలు. వయసు 30 లోపు ఉండాలి. స్త్రీలకూ, ఎస్.సి., ఎస్.టి., బి.సి., వికలాంగ, ట్రాన్స్‌జెండర్ అభ్యర్థులకూ 5 ఏళ్ల సడలింపు ఉంది. నెట్ సబ్జెక్టుల పట్టికలో "మానవ హక్కులు, విధులు" అన్నది ఒక సబ్జెక్టుగానే ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. అయితే అదే రాయాలని లేదు. మీ పి.జి. రాజనీతిశాస్త్రమైతే ఆ సబ్జెక్టులోనే జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుని మానవ హక్కుల అంశం మీద పనిచేయవచ్చు.

2023 జనవరి 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి 2 సంవత్సరాలు నెలకు 37,000 రూపాయలు, తర్వాతి 3 సంవత్సరాలు నెలకు 42,000 రూపాయలు. లెక్క వేస్తే అయిదేళ్లకు 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం వేరు. పుస్తకాలకూ ప్రయాణాలకూ కంటింజెన్సీ కింద మానవీయ, సామాజిక శాస్త్రాలవారికి మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, ఆపైన 20,500 రూపాయలు. ఈ ఫెలోషిప్‌లో ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, ఇది మనిషికి ఇచ్చేదిగాని అంశానికి ఇచ్చేది కాదు. మీరు ఏ ప్రశ్న అడుగుతున్నారని పరీక్ష పేపరు అడగదు. మానవ హక్కుల పరిశోధకుడికి దీన్ని మించిన స్వేచ్ఛ మన దేశంలో మరొకటి లేదనే చెప్పాలి.

ఐతే పరీక్ష మీదే ఆశలన్నీ పెట్టుకోవడం ప్రమాదం. 2024 జూన్ 18న జరిగిన నెట్‌ను మర్నాడే రద్దు చేసి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తిరిగి జరిపారు. అంతా సిద్ధం చేసుకున్నవాళ్లు కూడా రెండు నెలలు గాలిలో వేలాడారు. అదే ఏడాది నుంచి నెట్ మార్కులను పిహెచ్.డి. ప్రవేశానికి కూడా వాడుకునే పద్ధతి వచ్చింది. కాబట్టి జె.ఆర్.ఎఫ్. రాకపోయినా రాసిన పరీక్ష వృథా పోదు.

రెండోది సామాజిక వర్గాలవారీగా ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌లు. ఎస్.సి. విద్యార్థులకు ఏటా 2,000, బి.సి. విద్యార్థులకు 1,000, ఎస్.టి. విద్యార్థులకు 750 కేటాయించారు. మొత్తం జె.ఆర్.ఎఫ్.తో సమానం. ఎస్.సి., బి.సి. ఫెలోషిప్‌లకు నెట్ ఫలితమే ఆధారం. ఎస్.టి. ఫెలోషిప్‌కు పి.జి. మార్కులు చూస్తారు. మైనారిటీ విద్యార్థుల కోసం ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022-23 నుంచి ఆపేశారు. పాత కరపత్రాలు చూసి ఇంకా దానికోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ మాట చేరవేయండి. ఇంట్లో ఒక్కతే ఆడపిల్ల అయితే యు.జి.సి. వారి సావిత్రీబాయి జ్యోతిరావ్ ఫూలే ఫెలోషిప్‌ ఉంది.

మూడోది కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా చేరినవారికి ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్. నెలకు 8,000 రూపాయలు. 2015లో దీన్ని ఎత్తివేస్తామంటే విద్యార్థులు ఢిల్లీలో యు.జి.సి. కార్యాలయం ముందు నెలల తరబడి బైఠాయించి నిలబెట్టుకున్నారు. నిలిచిందిగాని, 8,000తో నేడు ఒక నగరంలో గది అద్దె, మెస్ బిల్లు కట్టి మిగిలిన దానితో ఫీల్డువర్కుకు వెళ్లడం ఎంతవరకు సాధ్యమో మీకే తెలుసు.

నాలుగోది భారత సామాజికశాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. 1969లో ఏర్పడిన ఈ సంస్థ డాక్టరల్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. 2020 తర్వాతి ప్రకటనల ప్రకారం నెలకు 20,000 చొప్పున రెండేళ్లు. జె.ఆర్.ఎఫ్.తో పోలిస్తే చిన్న మొత్తమే. కాని ఇది సినాప్సిస్ చదివి ఇచ్చే డబ్బు. పరీక్షల్లో చురుకు తక్కువైనా, ప్రశ్న గట్టిదైతే ఇక్కడ అవకాశం ఉంటుంది. దీని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ డబ్బివ్వదా అని కొందరు అడుగుతుంటారు. 1993 చట్టం కింద ఏర్పడిన ఆ కమిషన్ పరిశోధన ప్రాజెక్టులకు సంస్థలకు నిధులిస్తుంది, విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. అది రంగాన్ని పరిచయం చేసుకోవడానికి మంచి దారి. పిహెచ్.డి.కి పోషణ మాత్రం కాదు.

రచ్చ గెలిచే దారులు

విదేశాల్లో దొరికే డబ్బును మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం, పిహెచ్.డి.ని ఉద్యోగంగా ఇచ్చే దేశాలు. స్వీడన్, నార్వే, నెదర్లాండ్స్ వంటిచోట్ల పరిశోధక విద్యార్థి విశ్వవిద్యాలయ ఉద్యోగి. జీతం ఉంటుంది, ట్యూషన్ ఫీజు ఉండదు. లుండ్‌లోని రౌల్ వాలెన్‌బర్గ్ ఇన్‌స్టిట్యూట్, ఓస్లోలోని నార్వే మానవ హక్కుల కేంద్రం ఈ రంగంలో పేరున్న సంస్థలు. ఆ ఊళ్ల విశ్వవిద్యాలయాల ప్రకటనలు గమనిస్తుండాలి. అయితే ఉద్యోగ ప్రకటన ఎప్పుడు పడుతుందో తెలియదు, చాలాసార్లు అంశం కూడా వాళ్లే నిర్ణయిస్తారు. అమెరికాలో ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పినందుకు స్టైపెండు ఇచ్చే పద్ధతి ఉంది. కాని 2025లో అక్కడ పలు పెద్ద విశ్వవిద్యాలయాలు సామాజిక, మానవీయ శాస్త్రాల్లో పిహెచ్.డి. సీట్లు తగ్గించుకున్నాయి.

రెండో రకం, పోటీపడి గెలుచుకునే స్కాలర్‌షిప్‌లు. ఆక్స్‌ఫర్డ్‌కు రోడ్స్, కేంబ్రిడ్జికి గేట్స్, పలు దేశాలకు ఇన్లాక్స్ ఫౌండేషన్ ఇచ్చేవి ఈ కోవలోవి. బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన మండళ్ల స్టైపెండు 2025-26లో ఏడాదికి 20,780 పౌన్లు. అందులో 30 శాతం దాకా సీట్లు 2021 నుంచి విదేశీయులకు ఇవ్వవచ్చు. 1980ల మొదట్లోనే మానవ హక్కుల బోధన ప్రారంభించిన ఎసెక్స్ విశ్వవిద్యాలయం బ్రిటన్‌లోనే ఉంది. ఐర్లండ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు ఏ దేశస్థుడైనా, ఏ విషయంపైనైనా దరఖాస్తు చేయవచ్చు. 2025లో దాని స్టైపెండు ఏడాదికి 25,000 యూరోలు. గాల్వే విశ్వవిద్యాలయంలో 2000లో స్థాపించిన ఐరిష్ మానవ హక్కుల కేంద్రం ఉంది. మన విద్యార్థుల దృష్టి అటు అంతగా పోవడం లేదు.

ఇక్కడే రిజిస్టరై కొన్నాళ్లు అక్కడ పనిచేయదలచినవారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టరల్ ఫెలోషిప్ ఉంది. 6 నుంచి 9 నెలలు అమెరికా విశ్వవిద్యాలయంలో గడపవచ్చు. అప్పటికి కనీసం ఏడాదిగా ఇక్కడ పిహెచ్.డి.లో ఉండాలి.

మూడో రకం, మన ప్రభుత్వాలే విదేశానికి పంపేవి. తెలంగాణలో అంబేద్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతో ఉన్న ఓవర్సీస్ విద్యానిధి పథకాలు, మైనారిటీల పథకం కింద 20 లక్షల దాకా సాయం ఉంది. సాంకేతిక చదువులకే అనుకోకండి, సామాజిక శాస్త్రాలకూ వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి పథకం ప్రభుత్వం మారినప్పుడల్లా పేరూ నిబంధనలూ మార్చుకుంటూ వచ్చింది. ఏ ఏటికాయేడు సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి అడగడం ఉత్తమం.

కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతి వేరుగా చెప్పాలి. ఎస్.సి.లు, విముక్త సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లల కోసం ఏటా 125 ఇస్తారు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. ఇంతవరకు ఆనందమే. కాని 2022లో నిబంధనల్లో ఒక వాక్యం చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదని. అంటే, పైన చెప్పిన చుండూరు ప్రశ్ననే ఒక దళిత విద్యార్థిని పట్టుకుని లండన్ వెళ్లాలనుకుంటే, ఆమె కోసమే పెట్టిన ఈ స్కాలర్‌షిప్ ఆమెకు అక్కరకు రాదు. మన దేశం గురించి చదవడానికి విదేశం ఎందుకని ప్రభుత్వం వాదన. అంబేద్కర్ రూపాయి సమస్య మీద పరిశోధన చేసింది లండన్‌లో కూర్చునే కదా అన్నది దానికి జవాబు.

షరతు ముందు, మొత్తం తర్వాత

మొదట్లో చెప్పిన మూడు షరతులు ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు తేటపడి ఉంటుంది. మానవ హక్కుల రంగంలో ఒక చిక్కు ప్రత్యేకంగా ఉంది. మీరు ఎవరి నడవడిని ప్రశ్నిస్తున్నారో, తరచు ఆ ప్రభుత్వమే మీకు ఫెలోషిప్ ఇచ్చేది కూడా. దీనికి భయపడి ప్రశ్న మార్చుకోవడం ఒక పద్ధతి. ప్రశ్నను పట్టుకుని, దానికి సరిపడే డబ్బును వెతకడం రెండో పద్ధతి. ఈ రెండో పద్ధతి సాధ్యమే. చుండూరు ప్రశ్నకు జె.ఆర్.ఎఫ్. అడ్డు చెప్పదు, ఎస్.సి. ఫెలోషిప్ అడ్డు చెప్పదు, ఐరిష్ స్కాలర్‌షిప్ కూడా అడ్డు చెప్పదు. ఒక తలుపు మూసి ఉన్నంత మాత్రాన ఇల్లే లేదనుకోకూడదు.

ఆచరణలో పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, కాలెండరు. విదేశీ స్కాలర్‌షిప్‌లకు దాదాపు ఏడాది ముందే దరఖాస్తు చేయాలి. కులం, ఆదాయం, నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్లు చివరివారంలో దొరికేవి కావు. పి.జి. ఆఖరి సంవత్సరంలోనే ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం అలవాటు చేసుకోండి.

రెండు, సీటు వేరు, డబ్బు వేరు. విదేశీ విశ్వవిద్యాలయం ప్రవేశపత్రం పంపగానే ఊళ్లో మిఠాయిలు పంచేవాళ్లున్నారు. ఆ కాగితంలో ఫీజు ఎవరు కడతారో, స్టైపెండు ఎన్నాళ్లో రాసి ఉందా అని చూడండి. లేకపోతే అది సీటేగాని సాయం కాదు. పొలం తాకట్టు పెట్టి పిహెచ్.డి. చేయమని నేను ఎవరికీ చెప్పను. ఫెలోషిప్ ఇప్పిస్తామని డబ్బడిగే ఏజెంట్ల గడప తొక్కకండి.

మూడు, ఆలస్యాలు. వచ్చిన ఫెలోషిప్ కూడా నెలనెలా ఠంచనుగా రాదు. విశ్వవిద్యాలయం ప్రతినెలా ధ్రువీకరిస్తేగాని బ్యాంకులో పడదు. ఒక్కోసారి నెలల తరబడి ఆగుతుంది. మొదటి మొత్తం చేతికందగానే మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడం మంచిది.

నాలుగు, గడువు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఫెలోషిప్ అయిదేళ్లయితే నాలుగేళ్లకు థీసిస్ రాతప్రతి సిద్ధం కావాలి. అయిదో ఏడు దిద్దుకోవడానికీ, ఉద్యోగం వెతుక్కోవడానికీ ఉంచుకోవాలి.

చివరగా అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ ఒక మనవి. పట్నం పిల్లలకు ఈ సమాచారం స్నేహితుల ద్వారా తెలుస్తుంది. పల్లెనుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లకు ఎవరు చెప్పాలి? మనమే చెప్పాలి. విద్యార్థి సంఘం గదిలో ఒక రిజిస్టరు పెట్టి, ఏ ఫెలోషిప్ ప్రకటన ఏ నెలలో వచ్చింది, గడువెప్పుడు, మనవాళ్లలో ఎవరికి వచ్చింది అని ఏటా రాసి ఉంచితే పెద్ద ఖర్చేమీ కాదు. ఫెలోషిప్ పొందిన పూర్వ విద్యార్థి తన సినాప్సిస్ నకలు ఒకటి ఆ రిజిస్టరుతో పాటు ఉంచితే, తర్వాతివారికి పది ఉపన్యాసాల పెట్టు. పదిమంది హక్కుల గురించి ప్రశ్న అడగగలిగిన విద్యార్థి, ఫలానా తేదీ తెలియక ఆ ప్రశ్నను మడిచి పెట్టెలో పెట్టుకుని ఇంటికి పోకూడదు.